జీవకణమునకు బలమెక్కడిది?
యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము

ఉన్నతపాఠశాలలో జీవశాస్త్రము చదువు బాలబాలికలందఱును జీవకణమను అధ్యాయమును నేర్చుకొందురు. ఉల్లిపొరను పలుచగా ఒలిచి, గాజుపలకపై పఱచి, దానిపై అయోడిను చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూచినపుడు, ఇటుకలు పేర్చినట్లు వరుసలు దీరిన గదులు కానవచ్చును. ఒక్కొక్క గదిలో చిన్న చుక్కవలె కేంద్రకముండును. చెంపలోపలి పొరను మెల్లగా గీఁకి మిథిలీన్ నీలమును అద్దినచో గోడలు లేని కణములు కనబడును. పిల్లలు ఆ బొమ్మలను పుస్తకములో గీసికొని, కణత్వచము, కణద్రవ్యము, కేంద్రకము, మైటోకాండ్రియా అని బాణపుగుర్తులతో పేర్లు వ్రాసి, మార్కులు తెచ్చుకొని సంతోషింతురు. అంతటితో పాఠము ముగిసినదని తలంతురు.

అయితే ఒక యింటి గదుల పేర్లన్నియు వరుసగా ఒప్పగింపగలిగియు, ఆ యింటి పొయ్యిలో నిప్పెట్లు రాజుకొనుచున్నదో తెలియనివాడు ఆ యింటిని ఎఱిగినవాడు కాడు. కణము యొక్క ఆకారమును తెలిసికొనుట పాఠములో సగము మాత్రమే. అది యేమి పనిచేయుచున్నది, ఆ పనికి వలసిన బలమును ఎక్కడనుండి తెచ్చుకొనుచున్నది, ఒకటి రెండగుటకు దానికేమి కావలయును అనునవి మిగిలిన సగము. ఈ రెండవ సగములోని ముఖ్యమైన రహస్యములను వెలికిదీసినవారిలో మన తెలుగువాడొకడున్నాడు. పిల్లలకు ఆయన పేరు తెలియును గాని, ఆయన చేసిన పనికిని తమ పుస్తకములోని కణపు బొమ్మకును గల సంబంధము తెలిసినవారు తక్కువ. కావున డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమును మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఇచ్చట సంగ్రహముగా తెలుపనెంచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాల్గవవారు. తండ్రిగారిది రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగము. అనారోగ్యముచే ఆయన దానిని ముందుగానే విడువవలసివచ్చుటచే ఇంటిలో లేమి తాండవించుచుండెను. బాలుడగు సుబ్బారావుగారికి చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము సంపాదింపవలెనని ఇల్లు విడిచిపోగా, పెద్దలు వెదకి పట్టుకొని మరల తీసికొనివచ్చిరి. తల్లి వెంకమ్మగారు పట్టుదల గల యిల్లాలు. ఎన్ని యిబ్బందులు వచ్చినను కుమారుని చదువు మాన్పుటకు ఆమె సమ్మతింపలేదు.

ఇచ్చట మా విద్యార్థులు ఒక సంగతిని గమనింపవలెను. సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో మొదటిసారి తప్పిరి. రెండవసారియు తప్పిరి. పిమ్మట చెన్నపట్టణమునకు పోయి, తిరువళిక్కేణిలోని హిందూ ఉన్నతపాఠశాలలో చేరి, మూడవసారి ఉత్తీర్ణులైరి. రెండుమార్లు పరీక్ష తప్పిన ఆ బాలుడే తరువాతి కాలమున ప్రపంచములోని వైద్య గ్రంథములను మార్చివ్రాయించినవాడు. పరీక్ష తప్పుట గొప్ప యని మేము చెప్పుట లేదు. తప్పినంతమాత్రమున దారి మూసికొనిపోలేదని మాత్రము చెప్పుచున్నాము.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువు ముగిసిన పిమ్మట వారికి సన్యసించి రామకృష్ణమఠములో చేరవలెనను కోరిక కలిగెను. తల్లి యనుమతి దొరకలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవచేయుట మేలని మఠమునందలి పెద్దలు హితవు చెప్పగా, వారు చెన్నపట్టణపు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919వ సంవత్సరమున శేషగిరిగారితో వివాహము జరిగెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువునకు ధనసహాయము చేసిరి. ఆ దినములలో గాంధీమహాత్ముని పిలుపును మన్నించి సుబ్బారావుగారు ఖద్దరు దుస్తులు ధరించి కళాశాలకు పోవుచుండిరి. ఇది శస్త్రచికిత్సా శాఖకు ఆచార్యుడుగానున్న దొరకు రుచింపలేదు. తుదకు వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులుగా దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు నడుపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడుగా చేరిరి. వారును కొంతకాలము మా వలెనే నల్లబల్ల ముందు నిలిచి పాఠములు చెప్పినవారే.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగువంటి ఆపద వచ్చిపడెను. స్ప్రూ అను వ్యాధిచే వారి సోదరులిద్దఱు కొద్దికాలపు వ్యవధిలోనే మరణించిరి. ఈ వ్యాధిలో చిన్నప్రేవుల లోపలి పొర చెడిపోయి, తిన్న ఆహారములోని సారము రక్తమునకు చేరదు. రోగి చీకి పాలిపోయి, నాలుక పుండువడి, రక్తహీనుడై కృశించిపోవును. సుబ్బారావుగారికి కూడ ఈ వ్యాధి సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే వారు బ్రదికి బయటపడిరి. అయితే ఆ రోగము ఏల వచ్చును, ఏ లోపముచే వచ్చును, ఏ మందుచే పోవును అను ప్రశ్నలకు నాడు ఏ వైద్యుని యొద్దను సరియైన సమాధానము లేదు. సోదరులను కోల్పోయిన ఆ మనుష్యుని మనస్సులో ఈ ప్రశ్నలు ముల్లువలె నాటుకొనెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధివారు సహాయము చేయుదుమని మాట యిచ్చిరి. మామగారు మఱికొంత ధనము సమకూర్చిరి. 1922వ సంవత్సరము అక్టోబరు నెలలో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. భార్య స్వదేశముననే ఉండిపోయెను. కుమారుడొకడు పసితనముననే గతించెను. మరల స్వదేశమును చూచు భాగ్యము వారికి కలుగనేలేదు. బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరి పట్టము పొందిరి. చేతిలో ధనము లేనందున పగలు చదువుచు, రాత్రులయందు ఆసుపత్రిలో కూలిపనివానివలె ఊడిగము చేసి పొట్ట పోసికొనిరి. తరువాత జీవరసాయన శాస్త్రాచార్యుడగు సైరస్ ఫిస్కే యొద్ద పరిశోధకులుగా చేరిరి.

ఇచ్చటినుండి వారి చరిత్రమును మన పాఠమును ఒక్కటియగుచున్నవి. కావున కొంచెము నిదానించి చెప్పెదము.

రక్తములోను కండలోను భాస్వరము ఎంతయున్నదో కొలుచుటకు నాడు సులభమైన పద్ధతి లేదు. ఫిస్కేయును సుబ్బారావుగారును కలిసి 1925వ సంవత్సరమున ఒక పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపదగిన ద్రవములో ఆమ్లముతోగూడ మాలిబ్డేటును, తరువాత మఱియొక రసాయనమును కలిపినచో, అందులోని ఫాస్ఫేటు నీలిరంగుగా మారును. ఫాస్ఫేటు కొంచెమైనచో రంగు లేత, ఎక్కువైనచో రంగు చిక్కన. ఆ చిక్కదనమును బట్టి లెక్క చెప్పవచ్చును. నూఱేండ్లు గడచినను జీవరసాయన విద్యార్థులు ఈ పద్ధతిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతియను పేరుతోనే నేటికిని నేర్చుకొనుచున్నారు.

ఈ కొలతను కండ నుండి తీసిన రసముపై ప్రయోగించినపుడు ఒక వింత కనబడెను. మామూలుగా వెంటనే రావలసిన నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు. నిమిషములు గడచిన కొలదియు మెల్లమెల్లగా చిక్కబడుచు వచ్చెను. తొందరపాటు గలవాడైనచో రసాయనము చెడిపోయినదనియో, గాజుగొట్టము సరిగా కడుగలేదనియో తలంచి ఆ ద్రవమును పాఱబోసి యుండును. వారట్లు చేయలేదు. రంగు ఆలస్యముగా వచ్చుచున్నదనిన, ఫాస్ఫేటు ఆలస్యముగా విడుదలయగుచున్నదన్నమాట. విడుదలయగుచున్నదనిన, అంతకుముందు అది మఱియొక పదార్థముతో కట్టుబడి యుండవలెను. ఆ పదార్థమేది? ఈ విధముగా ఒక ప్రశ్ననుండి మఱియొక ప్రశ్నకు నడచి, 1927వ సంవత్సరమున వారు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనిపెట్టిరి. కండ పనిచేయునపుడు ఇది తఱుగును; విశ్రమించినపుడు మరల పెరుగును అని కూడ చూపిరి.

అంతవరకు శాస్త్రజ్ఞుల నమ్మకము వేఱుగా నుండెను. కండ ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే కారణమని వారు తలంచుచుండిరి. ఆ మార్గమున కృషిచేసిన హిల్, మేయర్‌హోఫ్ అను ఇద్దఱకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము కూడ లభించియుండెను. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడుటతో ఆ నమ్మకమునకు బీటలు వాఱెను. 1930వ సంవత్సరమున డెన్మార్కు దేశస్థుడగు లుండ్స్‌గార్డు, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండ ముడుచుకొనగలదని నిరూపించుటతో అది పూర్తిగా కూలిపోయెను.

1929వ సంవత్సరమున ఫిస్కేయును సుబ్బారావుగారును కండనుండియే మఱియొక పదార్థమును వేఱుచేసి ప్రకటించిరి. దానిపేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. ఎ.టి.పి. యని మన పుస్తకములలో చదువుచున్నది అదియే. అడినీను అను భాగమొకటి, ఒక చక్కెర, వాని వెనుక తోకవలె వరుసగా మూడు ఫాస్ఫేటులు. ఇదియే దాని నిర్మాణము. తోక చివరనున్న ఫాస్ఫేటు నీటితో చర్యనొంది వేఱుపడినపుడు శక్తి లభించును. మిగిలిన రెండు ఫాస్ఫేటుల పదార్థమునకు మరల మూడవదానిని తగిలించినచో అది యథాప్రకారము పనికి సిద్ధమగును.

పిల్లలకు దీనిని మేము ఇట్లు చెప్పుచుందుము. ఒక రైతు యింట గాదెనిండ ధాన్యమున్నది. అతడు సంతకుపోయి ఉప్పు కొనవలెనన్నచో గాదెను నెత్తినబెట్టుకొని పోలేడు. ధాన్యమునమ్మి చిల్లర చేసికొని, ఆ చిల్లరతో ఉప్పు కొనును. మనము తిను అన్నమును పప్పును నూనెయు గాదెలోని ధాన్యమువంటివి. కణము వానిని నేరుగా ఖర్చుపెట్టలేదు. మొదట ఎ.టి.పి. యను చిల్లరగా మార్చుకొని, ఆ చిల్లరతోనే తన పనులన్నియు చేసికొనును. కండ ముడుచుటకును, నరములో వార్త నడచుటకును, ప్రోటీనులు కట్టుటకును, అక్కరలేని లవణములను బయటికి నెట్టుటకును ఈ చిల్లరయే చెల్లును. ఫాస్ఫోక్రియాటిన్ మాటయో? అది అవసరమునకు రొంటిని దోపుకొన్న డబ్బు వంటిది. క్రీడల పండుగనాడు నూఱు మీటర్ల పరుగులో మొదటి పది సెకండ్లపాటు మన పిల్లల కాళ్లను ముఖ్యముగా నడపునది ఆ రొంటి డబ్బే. అది అయిపోగానే వేగము తగ్గును, రొప్పు వచ్చును. ఒక దినములో మనిషి దేహము తన బరువునకు ఇంచుమించు సమానమైనంత ఎ.టి.పి.ని ఖర్చుచేసి, మరల కట్టుకొనుచున్నదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అంత బరువు ఒక్కమాఱుగా దేహములో నిలువయుండదు. కొద్దిపాటి చిల్లరయే దినమునకు వేలకొలది చేతులు మాఱుచుండును.

ఈ చిల్లరను ముద్రించు టంకశాల ఎక్కడనున్నదను ప్రశ్నకు సమాధానము తరువాత దొరకెను. 1948-49 సంవత్సరములలో కెనడీ, లెనింజర్ అనువారు అది మైటోకాండ్రియాయని చూపిరి. పిల్లలు బొమ్మలో పొట్లకాయ గింజవలె గీసి, లోపల మడతలు పెట్టు భాగమదియే. ఆ మడతలు అందమునకు కావు. 1961వ సంవత్సరమున పీటర్ మిచెల్ అను ఆంగ్లేయుడు, ఆ లోపలి పొరకు ఇరువైపుల హైడ్రోజను అయానులు హెచ్చుతగ్గులుగా నిలుచుటచేతనే ఎ.టి.పి. తయారగునని వివరించెను. చెఱువు కట్టకు ఒకవైపు నిండిన నీరు తూమునుండి దుమికి చక్రమును త్రిప్పినట్లు, ఆ అయానులు దుమికి వచ్చునపుడు పొరలోని ఒక చిన్న యంత్రము నిజముగానే గిరగిర తిరుగును. మిచెల్‌కు 1978లోను, ఆ యంత్రపు మర్మమును విప్పిన బోయర్, వాకర్ అనువారికి 1997లోను నోబెలు బహుమానములు వచ్చినవి.

ఇచ్చట న్యాయమైన మాట యొకటి చెప్పవలసియున్నది. మనవాడను అభిమానముతో, ఇవన్నియు సుబ్బారావుగారొక్కరే కనిపెట్టిరని కొందఱు వేదికలపై చెప్పుచుందురు. ఫాస్ఫోక్రియాటిన్ విషయమున, 1927లోనే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు వేఱుగా పనిచేసి అదే పదార్థపు ఉనికిని గుర్తించిరి. ఎ.టి.పి.ని 1929లోనే జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ స్వతంత్రముగా కనిపెట్టెను. బోస్టనులో జరిగిన పనిలో ఫిస్కే భాగము కలదు. సుబ్బారావుగారి ఘనతకు ఈ నిజముల వలన కొఱత రాదు. తనకు చెందినదానిని కోరుకొనుటకే సంకోచించిన ఆ పెద్దమనుష్యునికి, ఇతరులకు చెందినదానిని మనము తెచ్చి కట్టబెట్టుట మర్యాద కాదు.

1930వ సంవత్సరమున వారికి హార్వర్డులో పిహెచ్.డి. పట్టము లభించెను. ఆ తరువాత పదేండ్లు అచ్చటనే పనిచేసినను స్థిరమైన ఆచార్యపదవి వారికి దొరకలేదు. 1940వ సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరు అను ఊరనున్న లెడర్లే ఔషధ పరిశోధనాలయమున చేరిరి. 1942లో అచ్చటి పరిశోధనలన్నిటికిని అధ్యక్షులైరి. సోదరులను మ్రింగిన రోగముపై పగతీర్చుకొను సమయము అప్పుడు వచ్చెను.

ఆ కథకు మొదలు మన దేశముననే యున్నది. 1928వ సంవత్సరమున లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణీస్త్రీలు తీవ్రమైన రక్తహీనతచే బాధపడుటను పరిశోధించెను. ఈస్టునుండి తీసిన సారము తినిపించినచో వారు కోలుకొనుచున్నారని 1931లో ప్రకటించెను. ఆ సారములోని మందు పదార్థమేదో ఎవరికిని తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను పిండి అణుమాత్రపు పదార్థమును సంపాదించి, లాటిను భాషలో ఆకు అను అర్థము వచ్చునట్లు ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. అంత కొంచెముతో రోగులకు చికిత్స చేయుట సాధ్యము కాదు. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లేలోని బృందము దీనిని కార్జమునుండి స్ఫటికములుగా వేఱుచేసి, దాని నిర్మాణమును తెలిసికొని, 1945వ సంవత్సరమున పరిశోధనాలయములోనే తయారుచేయగలిగెను. అప్పటినుండి అది పుష్కలముగా లభించెను. స్ప్రూ వ్యాధితో పాలిపోయిన రోగులకు ఇచ్చి చూడగా, రక్తము పట్టి కోలుకొనసాగిరి. ఇద్దఱు సోదరుల మరణమునకు ఇరువది యేండ్లకు పైగా గడచిన తరువాత, వారిని కాపాడగలిగి యుండిన మందు చేతికి వచ్చెను. అది వారికి ఉపయోగపడలేదు. వేలకొలది ఇతరుల సోదరులకు ఉపయోగపడెను.

ఈ మందు చేయు పని యేమి? ఇది కణపాఠములో రెండవ భాగము. ఒక కణము రెండు కణములు కావలెనన్నచో, కేంద్రకములోని డి.ఎన్.ఏ. యంతటికిని మొదట ఒక ప్రతి వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు వలయు అక్షరములను కూర్చుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అది చాలనిచో విభజన ఆగిపోవును. మన ఎముకల మూలుగులో ప్రతి సెకండునకు లక్షలకొలది ఎఱ్ఱరక్తకణములు పుట్టుచుండవలెను గనుక, లోపము మొదట రక్తముననే కనబడును. కణములు పెద్దవై, ముదురక, పనికిరానివగును. నేడు పాఠశాలలలో బాలబాలికలకు వారమునకొకసారి ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను చాటుగా కిటికీలోనుండి పాఱవేయు పిల్లలు అది యెవరి దుఃఖములోనుండి పుట్టినదో ఒకసారి తలంచుకొందురు గాక.

తాళముచెవి దొరకినవానికి తలుపు తెఱచుటయేగాక మూయుటయు తెలియును. కణవిభజనకు ఫోలిక్ ఆమ్లము కావలసినచో, అట్లే కనబడుచు పనిచేయని దొంగచెవిని కణమునకు ఇచ్చినచో విభజన నిలిచిపోవును గదా! రక్తపు క్యాన్సరులో తెల్లకణములు అదుపు లేక పెరుగుచుండును. బోస్టనులో పిల్లల వైద్యాలయమున పనిచేయుచుండిన సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, ఫోలిక్ ఆమ్లపు కూటమి పదార్థములు ఈ రోగమును పెంచుచున్నట్లు గమనించి, దానికి విరోధియగు పదార్థము కావలెనని కోరెను. సుబ్బారావుగారి బృందము అమినోప్టెరిన్ అను దానిని తయారుచేసి పంపెను. 1948వ సంవత్సరము జూన్ నెలలో ఫార్బరు తన ఫలితములను ప్రకటించెను. చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. ఆ గుణము కొన్ని నెలలు మాత్రమే నిలిచెను. రోగము మరల తిరుగబడెను. అయినను అంతవరకు ఏ మందునకును లొంగని ఆ మృత్యువు మొదటిసారి వెనుకంజ వేసెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటును నేటికిని రక్తపు క్యాన్సరునకును కీళ్లవాతమునకును వాడుచున్నారు. ఇతర మందులతో కలిపి సరియైన చికిత్స దొరకిన చోట్ల, ఈ రోగములో మిక్కిలి సాధారణమైన రకము వచ్చిన పిల్లలలో అత్యధికులు నేడు బ్రదుకుచున్నారు.

సుబ్బారావుగారి పర్యవేక్షణలోనే మఱి రెండు మందులు వెలువడినవి. ఒకటి, వృక్షశాస్త్రజ్ఞుడగు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి 1945లో కనుగొని 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది ఇదియే. మన కణములలో ప్రోటీనులు కట్టు రైబోజోములకును బాక్టీరియాల రైబోజోములకును నిర్మాణములో తేడా కలదు. ఈ మందు ఆ తేడాను ఆసరా చేసికొని బాక్టీరియాల పనిని నిలుపును, మన పనిని చాలవరకు విడిచిపెట్టును. రెండవది, 1947లో వచ్చిన హెట్రజాన్, అనగా డి.ఇ.సి. బోదకాలు మన తెలుగు జిల్లాలలో ఎందఱిని మంచమునకు కట్టివేసినదో పెద్దలకు తెలియును. 2004వ సంవత్సరమునుండి దేశమంతట బోదకాలు గల జిల్లాలలో ఇంటింటికి పంచిపెట్టిన మాత్రలు ఈ మందువే.

1948వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక రాత్రి, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు మరణించిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడాది మాత్రమే యైయుండెను. స్వతంత్ర భారతమును వారు కన్నులార చూడలేదు. భర్త రాకకై ఎదురుచూచిన శేషగిరిగారికి ఆ ఎదురుచూపే మిగిలెను. ఈ గృహిణి చేసిన త్యాగము ఏ శాస్త్రపత్రికలోను అచ్చుకాలేదు గాని, ఈ చరిత్రము చదువువారు దానిని మఱవరాదు. 1953లో శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని వారి పేరు పెట్టిరి. 1995లో, వారి శతజయంతి సంవత్సరమున, భారతప్రభుత్వము వారి బొమ్మతో తపాలబిళ్లను ప్రకటించెను.

ఈ చరిత్రమునుండి మేము నేర్చుకొనదగినవి కొన్ని కలవు. ఉపాధ్యాయులమగు మాకు మొదటిది: కణమును పేర్ల పట్టికగా బోధింపరాదు. మైటోకాండ్రియా అను పేరు చెప్పిన క్షణముననే, నీవు పరుగెత్తినపుడు రొప్పుట దేనికని పిల్లవానిని అడుగవలెను. కేంద్రకమును చూపిన వెంటనే, నీ మోకాలిపై గాయము ఎట్లు మానుచున్నదని ప్రశ్నింపవలెను. గాలిని పీల్చుట దేనికి, ఆకుకూర తినుట దేనికి, మందు రోగక్రిమిని చంపి మనలను చంపకుండుట ఎట్లు అను ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగిన పిల్లవానికి కణము తెలిసినట్లు. బాణపుగుర్తులు సరిగా పెట్టినంతమాత్రమున తెలిసినట్లు కాదు.

విద్యార్థులకు రెండవది: ప్రయోగశాలలో అనుకొన్న ఫలితము రానపుడు ప్రక్కవాని పుస్తకములోని జవాబును ఎత్తి వ్రాసికొనవద్దు. నీకు వచ్చినదానినే వ్రాయుము. అది యేల అట్లు వచ్చినదో ఆలోచింపుము. ఆలస్యముగా వచ్చిన ఒక నీలిరంగును ఉన్నదున్నట్లు నమ్మినందుననే కండలోని రహస్యము బయటపడినది. రంగు సరిగా వచ్చినదని ఆనాడు అబద్ధము వ్రాసికొనియున్నచో ఆ ద్వారము వారికి తెఱచుకొనియుండదు.

తల్లిదండ్రులకు మా మనవి మూడవది: ఏటేట పరీక్షా ఫలితములు వచ్చు దినములలో ఎన్నో యిండ్లలో కన్నీరు కారుచుండును. తప్పిన పిల్లవానిని పదిమందిలో అవమానించి, పుస్తకములు లాగికొని, ఇక నీకు చదువేల యని పనికి తోలువారున్నారు. ఆడపిల్లయైనచో ఆ మాటకూడ అడుగక పెండ్లిమాటలు మొదలు పెట్టువారున్నారు. భీమవరములో ఆ పేదయిల్లాలు వెంకమ్మగారు రెండవ ఓటమి తరువాత అట్లే తలంచియున్నచో, బోస్టనులోని ఆ 10 మంది పిల్లల తల్లులకు ఆ కొన్ని నెలలైనను దొరకకపోయియుండును. ఏ యింటి పిల్లలో ఏమున్నదో ఫలితముల కాగితము చెప్పజాలదు. మరల ఒక్కసారి పరీక్షకు పంపుటకు అగు ఖర్చు స్వల్పము. పంపకపోవుటచే కలుగు నష్టమును లెక్కకట్టుట ఎవరితరము కాదు.